ముందు ఏమీ లేదు.. మరి జామ్‌ ఎందుకైంది?

సంక్రాంతికి ఊరెళ్తున్నారు. హైదరాబాద్‌ - విజయవాడ హైవే. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఆగారంటే అర్థముంది. గేట్లు కొన్ని, బండ్లు వేలు. కానీ టోల్‌ దాటి చాలా దూరం వచ్చాక మళ్లీ ఆగిపోయారు. ముందెక్కడో యాక్సిడెంట్‌ అయ్యుంటుందనుకున్నారు. పది నిమిషాలు నత్తనడకే. తర్వాత ఉన్నట్టుండి రోడ్డంతా ఖాళీ! యాక్సిడెంట్‌ లేదు, పోలీసుల్లేరు, అడ్డొచ్చిన గేదె కూడా లేదు. ‘మరి ఇంతసేపూ ఎందుకు ఆగాం?’ అని వెనక సీట్లోంచి తమ్ముడు అడిగితే కారులో ఎవరి దగ్గరా జవాబుండదు.

ఫిజిక్స్‌ దగ్గర ఉంది. దీన్ని ‘ఫాంటమ్‌ జామ్‌’ అంటారు. మన భాషలో చెప్పాలంటే దెయ్యం జామ్‌. ఉంటుంది, కానీ కారణం కనపడదు.

గుండ్రంగా 22 కార్లు

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది జపాన్‌ వాళ్లు. యూకి సుగియామా అనే భౌతిక శాస్త్రవేత్త బృందం 230 మీటర్ల చుట్టుకొలతతో గుండ్రటి ట్రాక్‌ గీసి, దాని మీద 22 కార్లు పెట్టింది. డ్రైవర్లకు చెప్పింది ఒక్కటే.. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారును గమనించుకుంటూ వెళ్లండి అని. సిగ్నల్‌ లేదు, టోల్‌ లేదు, అడ్డంగా వచ్చేవాళ్లు లేరు. కాసేపు అంతా సాఫీగానే సాగింది. తర్వాత కార్ల మధ్య దూరాలు కొంచెం కొంచెంగా తేడా వచ్చాయి. చూస్తుండగానే కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. విచిత్రమేంటంటే కార్లు ముందుకు వెళ్తుంటే, జామ్‌ మాత్రం వెనక్కి నడిచింది. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. వీడియో ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతుంది, చూడండి.

ఒక్క బ్రేకు చాలు

ఎలా జరుగుతుందిది? ఎవరో ఒకరు ఫోన్‌ చూస్తూనో, లేన్‌ మారుతూనో బ్రేకు మీద కాలు పెడతారు. వెనకున్న మనకు అది కనిపించి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికి ఓ సెకను పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనుకే 22 మీటర్లు వెళ్లిపోతాం. ముందు కారు దగ్గరైపోయింది కాబట్టి, వాళ్లకంటే కాస్త గట్టిగా నొక్కుతాం. మన వెనకవాళ్లు ఇంకాస్త గట్టిగా. అలా 80 కాస్తా 70, 50, 20 అయ్యి, ఎక్కడో వెనకున్న కారు దగ్గర సున్నా అవుతుంది. మొదట బ్రేకేసిన పెద్దమనిషి అప్పటికి పాటలు వింటూ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాడు. తాను చేసిన ఘనకార్యం ఆయనకు ఎప్పటికీ తెలీదు!

జామ్‌ వెనక్కి నడిచే వేగాన్ని మనమే లెక్కేయొచ్చు. ఆగి ఉన్న ఒక్కో కారుకు దాదాపు ఏడున్నర మీటర్ల చోటు. ముందు కారు కదిలాక వెనకది కదలడానికి ఇంచుమించు 1.8 సెకన్లు. అంటే జామ్‌ ముందు అంచు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతుంటుంది. నిజం హైవేల మీద కనిపించేదీ దాదాపు ఇంతే.

ఇంకో లెక్క. ఒక లేన్‌లో కిలోమీటరుకు 20 కార్లు 80 వేగంతో వెళ్తుంటే గంటకు 1600 కార్లు దాటతాయి. ‘ఖాళీ ఉంది కదా’ అని 40 కార్లు ఇరుక్కుంటే వేగం 30కి పడిపోయిందనుకోండి.. దాటేవి 1200 మాత్రమే. బండ్లు రెట్టింపు, దాటేవి తక్కువ. గరాటులో ఒక్కసారే బియ్యం కుమ్మరిస్తే ఏమవుతుందో అదే.

ఆలస్యం ఒక్కటే కాదు

దెయ్యం జామ్‌లో అసలు ప్రమాదం దాని తోక దగ్గర ఉంటుంది. ముందు రోడ్డు బాగుందని 80లో వెళ్తున్న మీకు హఠాత్తుగా ఆగిపోయిన కార్లు ఎదురవుతాయి. ఆ టైమ్‌లో మూడు సెకన్లు ఫోన్‌ వైపు చూశారంటే 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. అందుకే హైవే మీద ముందు బ్రేకులైట్లు వరసగా వెలుగుతుంటే హజార్డ్‌ లైట్లు వేసి, నెమ్మదిగా వేగం తగ్గించండి. వెనకవాళ్లకు అదే హెచ్చరిక.

మందు మన కాలి కిందే

లండన్‌ చుట్టూ ఉన్న ఎం25 రోడ్డు మీద రద్దీని బట్టి వేగ పరిమితి మార్చే బోర్డులు 1995 నుంచే ఉన్నాయి. ముందే అందరినీ కాస్త నెమ్మదిగా నడిపిస్తే, తర్వాత ఆగే పని తగ్గుతుందన్నది అక్కడి సూత్రం. అమెరికాలోని అరిజోనాలో జపాన్‌ తరహా గుండ్రటి ట్రాక్‌ మీదే ఇరవై చిల్లర కార్ల మధ్య కంప్యూటర్‌ నడిపే కారు ఒకటి పెట్టారు. అది ముందు కారు వెంట ఉరకలేదు. కాస్త గ్యాప్‌ ఉంచి ఒకే వేగంతో సాగింది. ఆ ఒక్క కారుతో అలలు అణిగిపోయాయి, ఇంధనం ఖర్చు కూడా 40 శాతం దాకా తగ్గింది.

ఆ పని మనమూ చేయొచ్చు. ముందు కారు ఒక బోర్డును దాటగానే నెమ్మదిగా ‘ఒకటి.. రెండు’ లెక్కపెట్టండి. అప్పటికి మీరు ఆ బోర్డు దగ్గరకు రావాలి. అంతకంటే ముందే వచ్చేశారంటే బాగా దగ్గరగా ఉన్నట్టు. దీంతో టోల్‌ దగ్గర బారు కరగదు. మరీ బండ్లు ఎక్కువైతే ఏ చిట్కా పని చేయదు. కానీ మీ దాకా వచ్చిన అల మీ వెనక్కి వెళ్లకుండా ఆగొచ్చు.

‘గ్యాప్‌ వదిలితే మన రోడ్ల మీద ఊరుకుంటారా? ఎవడో ఒకడు దూరిపోతాడు’ అంటారు. నిజమే, దూరతారు. ఒక్కొక్కరు దూరితే మీకు పోయేది రెండు సెకన్లు. పది మంది దూరినా ఇరవై సెకన్లు. అమ్మ పెట్టిన అరిసెలు ఆ మాత్రానికి చల్లారిపోవులెండి!