పసిబిడ్డల కిచ్చు మాట

మా పాఠశాలలో చేరు బాలబాలికలు పది పండ్రెండేండ్ల ప్రాయము వారు. ఉపాధ్యాయుడు బల్లయొద్దకు రాగానే వారిలో కొందరు చేయి ముఖమున కడ్డము పెట్టుకొందురు. మరి కొందరు తప్పేమియు చేయకయే అబద్ధమాడుదురు. ఈ యలవాటు మా తరగతిలో పుట్టినది కాదు. రెండు మూడేండ్ల వయసున, ఇంటిలోనే పుట్టినది. కావున తలిదండ్రులతో వారి యింటి చిన్నవారినిగూర్చి కొంచెము మాటలాడ సాహసించుచున్నాము.

మేము తాండూరున నివసించుచు దినదినము రైలుమీద వికారాబాదునకు వచ్చుచుందుము. శిక్షణ కళాశాలలో నేర్వనిది ఆ రైలుపెట్టెలో నేర్చుచున్నాము. బిడ్డ తలుపుదగ్గరకు పోయినచో టిక్కెట్టు కలెక్టరు పట్టుకొనిపోవునందురు. ఏడ్చినచో పోలీసు వచ్చునందురు. ముద్ద నోట నుంచుకొనక ఉమ్మినచో డాక్టరు సూది వేయునందురు. ధారూరు స్టేషను వచ్చులోపల, ఆపదలో ఆ బిడ్డకు తోడు రావలసిన ముగ్గురును వానికి శత్రువులై పోయిరి! ప్రతి నవంబరున ధారూరు జాతరకు మనము వేలకొలది కూడుదుము. ఆ జనములో తప్పిపోయిన పసివాడు ఎవరి చేయి పట్టుకొనవలెను? పోలీసు చేయియే గదా. వాడు పోలీసును చూచి డేరాల వెనుక దాగినచో తప్పెవరిది?

పరులను తప్పుపట్టుట సులభము. మేము శిశు మనస్తత్వ శాస్త్రమున పరీక్ష నిచ్చి తేరినవారము. అయినను మా చిన్న కుమార్తె నాలుగేండ్లదై యుండగా సూది పేరు చెప్పియే ప్రతిరాత్రియు అన్నము తినిపించితిమి. ఒక వేసవిలో, నాపరాళ్లు గుట్టగా పోసిన చోట ఆడుకొనుచుండగా ఆమె పాదమున రాతిపెచ్చు గ్రుచ్చుకొనెను. రెండు దినములు మాకు చెప్పలేదు. మునివేళ్లమీద నడచుచుండగా ఆట యనుకొంటిమి. మూడవనాడు జ్వరము వచ్చి పాదము వాచిన పిమ్మట గదా కనుగొంటిమి! చీము తీసిన వైద్యుడు “ఎందుకు చెప్పలేదు తల్లీ?” అని యడుగగా, “చెప్తె నాయిన సూది ఏపిస్తడు” అనెను. ఆయన మా వైపు చూచెను, ఏమియు ననలేదు. అప్పుడు మేము పడిన సిగ్గు ఎన్ని పరీక్షలు తప్పినను పడియుండము.

నాటనుండి మేము నేర్చినది గొప్ప శాస్త్రము కాదు. సూది నొప్పించదని చెప్పుట మానితిమి. “చురుక్కుమనును, పది లెక్కపెట్టులోపల తగ్గును, నీ చేయి పట్టుకొని యుందును” అని చెప్పసాగితిమి. “పరుగెత్తకు” అను మాటకు బదులు “నా వేలు పట్టుకొని నడువుము” అంటిమి. చేయవద్దన్నది పసివానికి సగమే యర్థమగును. చేయవలసినది చెప్పినచో కాళ్లకు పని దొరకును. ఊరక “మంచిపిల్ల” యనుటకంటె “చెప్పులు వరుసగా పెట్టితివే” యనినచో మరునాడును పెట్టును. మా యిల్లాలు కందిపప్పు చెరుగునప్పుడు బిడ్డను ప్రక్క కూర్చుండబెట్టుకొని రాళ్లేరించుచుండెను (పలుకు నోట పెట్టుకొనకుండ ఒక కన్నుంచవలెను సుమా). 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తాండూరు కందులు అంగడిలో విలువ తెచ్చుచున్నవి. ఆ చేటముందు గడచిన పావుగంట మా యింటికి తెచ్చిన విలువ వేరు. రాతిపనినుండి అలసి వచ్చు తలిదండ్రులకు తీరిక యెక్కడిదని కొందరందురు. నిజమే. గంటలు దొరకవు, చేట ముందర, నీళ్లు పోయునప్పుడు, పడక పరచునప్పుడు నాలుగు నిముషములు దొరకును. ఆ నిముషములనుగూడ సెల్‌ఫోనునకే యిచ్చుచున్నాము. రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డలకు దినమునకు గంటకు మించి తెర పనికిరాదనియు, ఏడాది బిడ్డకు అసలే తగదనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది.

ఇక బెత్తము మాట. “కొట్టి చెప్పుండ్రి సారూ, మేమేమనము” అని మాకు అనుమతి నిచ్చు తండ్రులు కలరు. పాఠశాలలో కొట్టుటను 2009 విద్యాహక్కు చట్టపు 17వ విభాగము నిషేధించినది. వారి యనుమతి మాకు చెల్లదు. సామెతల గ్రంథములోని బెత్తమును చూపువారు, కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయమున తండ్రులకే యిచ్చిన యాజ్ఞను మాత్రము దాటిపోవుదురు. పాఠశాలల పరీక్షాధికారిగా పనిచేసిన చలముగారు ‘బిడ్డల శిక్షణ’లో కొట్టుటను, భయపెట్టుటను ఖండించిరి. వారి యభిప్రాయములు అనేకములు మాకు సమ్మతములు కావు. ఇది మాత్రము సమ్మతము.

మా కుమార్తె కిప్పుడు పదమూడేండ్లు. సూది వేయించుకొనుటకు వెరవదు. కాని మేమేదైన మాట యిచ్చినచో, ఊకొట్టి లోనికి పోయి, “నాయిన నిజంగనె అంటుండా?” అని తల్లి నడిగి సరిచూచుకొనును.