గుచ్చాకే ఓవెన్‌లోకి

బంగాళాదుంపను తొక్కతో కాల్చేముందు ఫోర్కుతో నాలుగైదు చోట్ల గుచ్చడం అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పాత అలవాటు. అక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్లలోకీ, ఓటీజీలూ మైక్రోవేవ్‌లూ కొన్న ఇక్కడి వంటిళ్లలోకీ ఆ అలవాటుతోపాటే ఒక సందేహం కూడా వచ్చింది. గుచ్చకపోతే దుంప పేలుతుందని కొందరు, గుచ్చితే తేమంతా పోయి పిడచకట్టుకుపోతుందని కొందరు చెబుతారు. మైక్రోవేవ్ విషయంలో మొదటి మాటను నమ్మి తీరాలి. మామూలు ఓవెన్‌లో అలా జరగడం అరుదు. రెండో మాటలో మాత్రం పస లేదు.

పచ్చి దుంప బరువులో 80 శాతం దాకా నీరే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థం. లోపలి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి పిండి రేణువులు చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. వేడి ఇంకా పెరిగితే కణాలను అతికించి ఉంచే పెక్టిన్ సడలి, గుజ్జు పొడిపొడిగా విడిపోతుంది. 100 డిగ్రీల దగ్గర, పిండి పట్టి ఉంచలేని నీరు ఆవిరి కావడం మొదలవుతుంది. పేచీ అంతా ఇక్కడే. నీరు ఆవిరైతే దానికి సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. ఒక టీస్పూను నీరు, అంటే 5 మిల్లీలీటర్లు, దాదాపు 8 లీటర్ల ఆవిరి అవుతుంది. పిడికిలంత దుంపలో అంత ఆవిరికి చోటెక్కడిది? అది తొక్కను దాటి బయటికి పోవాల్సిందే.

ఆ తొక్క తేలిగ్గా దారి ఇచ్చే రకం కాదు. దాని కణాల గోడల్లో సుబెరిన్ అనే, నీరు అంటని పదార్థం ఉంటుంది. మట్టిలో ఉన్నన్నాళ్లూ, తవ్వి తీశాక గోదాముల్లో ఉన్నన్నాళ్లూ దుంప వడలిపోకుండా కాపాడేది అదే. అయితే తొక్క మీద అక్కడక్కడా సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి దుంప గాలి పీల్చుకునే రంధ్రాలు. ఆవిరిలో కొంత వాటిగుండా పోతుంది. తవ్వేటప్పుడు తగిలిన గీతలు, తీగ నుంచి విడిపోయిన చోట ఉండే మచ్చ కూడా కొంత సాయపడతాయి.

ఓవెన్‌లో 200 డిగ్రీల వేడిలో ఒక మోస్తరు పెద్ద దుంప కాలడానికి గంట పడుతుంది. వేడి బయటి నుంచి లోపలికి నిదానంగా చేరుతుంది. లోపలి నీరు మరిగే వేళకు తొక్క ఎండి, ముడుచుకుని, కంటికి కనిపించనంత సన్నగా బీటలిస్తుంది. గుచ్చని దుంపలు కూడా చాలాసార్లు ఏ గొడవా లేకుండా కాలేది అందుకే. అలాగని ప్రతిసారీ అదే జరుగుతుందన్న హామీ లేదు. గాటు గీత లేని బిగుతు తొక్క ఉన్న దుంపకు నూనె పట్టించి మరీ ఎక్కువ వేడిలో పెడితే, ఎక్కడో ఒకచోట తొక్క ఒక్కసారిగా చిట్లవచ్చు. గుజ్జు ఓవెన్ గోడలకూ కడ్డీలకూ అంటుకుని మాడిపోతుంది. అప్పటిదాకా ఆగి, తలుపు తీసి చేత్తో పట్టుకున్నప్పుడు చిట్లితే చెయ్యి కాలుతుంది. అర నిమిషం కూడా పట్టని పనితో తప్పిపోయే ప్రమాదాన్ని అరుదైనదని వదిలేయడం తెలివైన లెక్క కాదు.

మైక్రోవేవ్‌లో ఆ మాత్రం వెసులుబాటు కూడా ఉండదు. 1947లో రేథియాన్ కంపెనీ తెచ్చిన తొలి యంత్రం నుంచి నేటి దాకా దాని పని తీరు ఒక్కటే. తరంగాలు తొక్కను దాటి రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాకా చొరబడి, అక్కడున్న నీటిని నేరుగా వేడెక్కిస్తాయి. చుట్టూ ఉన్న గాలి వేడెక్కదు కాబట్టి తొక్క ఎండదు, బీటలివ్వదు. తడిగా, మెత్తగా, బిగుతుగానే ఉండిపోతుంది. గంటలో మెల్లగా పుట్టాల్సిన ఆవిరి ఐదారు నిమిషాల్లో పుట్టుకొస్తుంది. పెంకుతో ఉన్న గుడ్డును మైక్రోవేవ్‌లో పెట్టకూడదనడానికీ కారణం ఇదే. అక్కడ గుచ్చడం ఎవరి ఇష్టాయిష్టాలకూ వదలదగ్గ విషయం కాదు.

తెలుగు వంటింటికి ఈ కిటుకు కొత్తదేమీ కాదు. పచ్చడికి వంకాయను మంట మీద పెట్టేముందు గాటు పెడతారు. ఉడికిన గుడ్డును నూనెలో వేయించేముందు చుట్టూ కత్తితో గీస్తారు. పచ్చిమిరపకాయను చీల్చకుండా కాగే నూనెలో ఎవరూ వెయ్యరు. పనస గింజను చితక్కొట్టకుండా నిప్పుల్లో వేస్తే అది ఎగిరి ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఇన్నింటిలో పాటించే జాగ్రత్త బంగాళాదుంప దగ్గరకొచ్చేసరికి ఎందుకు అక్కర్లేకపోవాలి?

గుచ్చడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు దుంపను బ్రష్‌తో రుద్ది కడిగి, గుడ్డతో తుడవాలి. కడగకుండా గుచ్చితే తొక్క మీది మట్టి ఫోర్కు ముళ్లతోపాటు లోపలికి పోతుంది. తర్వాత దుంపను తిప్పుతూ అన్ని వైపులా ఆరేడు చోట్ల, అర అంగుళం లోతున గుచ్చితే చాలు. అడుగు వైపు మరిచిపోకూడదు. కత్తితో పొడవాటి గాటు పెడితే అక్కడ తొక్క నోరు తెరుచుకుని, అంచుల్లో గుజ్జు గట్టిపడుతుంది. కొందరు దుంపలో గుచ్చి వదిలేసే లోహపు మేకులు వాడతారు. అవి వేడిని నడిమికి మోసుకెళ్లి కాలే సమయాన్ని కొంత తగ్గిస్తాయి. అవి ఓవెన్‌కే పరిమితం, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

ఇక తేమ పోతుందన్న భయం. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల్లో పచ్చి రస్సెట్ దుంపలో నీరు సుమారు 79 శాతం, తొక్కతో కాల్చినదాంట్లో 74 శాతం పైచిలుకు. అంటే బాగా కాలిన దుంప కూడా తడారిపోదు. పైగా ఆ కాస్త నీరు పోవడమే కావాలి. ఐడహోలో విస్తారంగా పండే రస్సెట్ బర్బాంక్‌కు కాల్చే దుంపగా పేరొచ్చింది అందులో పిండి ఎక్కువ, తడి తక్కువ కాబట్టే. మన దగ్గర చిప్స్ కోసం రూపొందించిన కుఫ్రీ చిప్సోనా రకాల్లోనూ ఘనపదార్థం ఎక్కువే. కాల్చడానికి అవి నప్పుతాయి. పలచటి తొక్క ఉన్న కొత్త దుంపలు కూరకు బాగుంటాయి గానీ, ఎంత కాల్చినా పొడిపొడిగా కావు.

గుజ్జు పొడిగా రావడం ఫోర్కు చేసిన చిన్న చిల్లుల చేతిలో పెద్దగా లేదు. అది కాలాక చేసే పని మీద ఆధారపడుతుంది. ఓవెన్ నుంచి తీసిన వెంటనే పైన కత్తితో నిలువుగా, అడ్డంగా కోసి, గుడ్డతో పట్టుకుని రెండు కొసలూ లోపలికి నొక్కాలి. గుజ్జు పైకి ఉబికి, ఆవిరి గుప్పున బయటికొస్తుంది. పది నిమిషాలు అలాగే మూసి ఉంచితే ఆ ఆవిరే తిరిగి నీరై గుజ్జును జిగటగా చేస్తుంది. అల్యూమినియం రేకు చుట్టి కాల్చినా ఇంతే. తొక్క కరకరలాడదు, దుంప కాలదు, ఉడుకుతుంది.

రేకుతో ఇంకో ముప్పు ఉంది. బొటులిజం కలిగించే క్లాస్ట్రిడియం సూక్ష్మజీవి బీజాలు మట్టిలో ఉంటాయి, 100 డిగ్రీల వేడికి చావవు. రేకు లోపల గాలి ఆడదు కాబట్టి, దుంప గది వేడిలో ఉండిపోతే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో రేకు చుట్టి కాల్చి రోజుల తరబడి బయట వదిలేసిన దుంపలతో ఒక హోటల్లో చేసిన వంటకం వల్ల 30 మంది జబ్బుపడ్డారు. గుచ్చిన దుంపకైనా ఈ ప్రమాదం తప్పదు. మిగిలిన దుంపకు రేకు చుట్టి ఉంటే విప్పేసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.