కత్తి కొనడం తేలిక... కాపాడుకోవడమే సాము!

ఆదివారం పొద్దున తార్నాకలో ఏ సెలూన్ ముందు చూసినా అదే సందడి. బెంచీ మీద నలుగురు, వాళ్ల చేతుల్లో పేపరు తలా ఒక షీటు. లోపల కుర్చీలో ఉన్నాయన మెడకు తువ్వాలు చుట్టి, కొత్త బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి, సగం ముక్కను కత్తిలో బిగిస్తాడు క్షురకుడు. అడక్కుండానే కస్టమరుకు చూపించి మరీ!

ఈ అలవాటు మరీ పాతదేం కాదు. వెనకటికి క్షురకుడి అడపంలో మడతకత్తి ఉండేది. దాన్ని తోలుపట్టీ మీద అటూ ఇటూ రాసి, ఒకరి తర్వాత ఒకరికి అదే కత్తితో గీసేవారు. ఎయిడ్స్ గురించి ఊరూరా ప్రచారం జరిగిన రోజుల్లో జనం 'కొత్త బ్లేడు వెయ్యి' అనడం నేర్చారు. మడతకత్తి మెల్లగా మూలకు చేరింది.

ఇంట్లో గీసుకునేవాళ్లకు దాని అవసరం అంతకు ముందే తగ్గింది. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ సేఫ్టీ రేజర్‌కి పేటెంటు పొందింది 1904లో. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది 1918లో. ఈ రెండింటి నడుమ వచ్చిన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు ఆ రేజర్లే పంచారు. అలా ఎవరి గడ్డం వాళ్లు గీసుకునే అలవాటు లోకమంతా పాకింది.

మరి ఇప్పుడు? క్యాంపస్ కుర్రాళ్లలో కొందరికి మళ్లీ ఆ పాత కత్తి మీద మోజు. చెక్కపెట్టెలో కత్తి, బ్రష్షు, గిన్నె, సబ్బు... చూడ్డానికి రాజసంగానే ఉంటుంది. మీ ఇంట్లోనూ ఎవరైనా ముచ్చట పడుతుంటే, డబ్బు తీసేముందు ఈ నాలుగు ముక్కలు చదవమనండి.

మొదట ఏది కొనాలి?

కత్తులు రెండు రకాలు. ఒకటి, సెలూన్లో చూసే సగం బ్లేడు కత్తి. ధర వందల్లోనే. గీసిన ప్రతిసారీ కొత్త ముక్క వేసుకోవచ్చు, సానతో పనిలేదు. కాకపోతే బరువు తక్కువ, పదును ఎక్కువ. చెయ్యి కాస్త వణికినా గీరుకుపోతుంది.

రెండోది అసలు మడతకత్తి. చర్మం మీద కొంత మెత్తగానే నడుస్తుంది. కానీ జర్మనీలోని సోలింగెన్ వంటి పేరున్న చోట తయారైంది కావాలంటే వేలల్లో మాటే. పైగా ఖర్చు కత్తితో ఆగదు. తోలుపట్టీ తప్పనిసరి. కొన్ని నెలలకోసారి సానరాయి మీద నూరాలి. వెయ్యి నంబరు రాయితో అంచు కుదిర్చి, ఎనిమిది వేలో, అంతకన్నా నున్నటిదో వాడి ముగించాలి.

అందుకే కొత్తవాళ్లు ముందు సగం బ్లేడు కత్తితో రెండు నెలలు గడపడం మేలు. అప్పటికీ మోజు తీరకపోతే అప్పుడు అసలుదానికి వెళ్లండి. తీరిపోతే పోయేది కొన్ని వందలే!

పాత కత్తే కావాలంటే...

వెడల్పు 5/8 లేదా 6/8 అంగుళం ఉన్నది చాలు. కొస గుండ్రంగా ఉండాలి. మొనదేరిన కొస చెవి దగ్గరా, ముక్కు కిందా గుచ్చుకుంటుంది. గీయడానికి సిద్ధంగా నూరి ఇస్తున్నారా లేదా అన్నది అడిగి తెలుసుకోండి. చవగ్గా దొరికే చెక్కపెట్టె సెట్లలో చాలావాటికి అంచే పెట్టరు. అవి షోకేసుకే పనికొస్తాయి. పదును లేని కత్తితో ఇంకో ప్రమాదం... తెగడం లేదని నొక్కుతాం, నొక్కగానే చర్మం తెగుతుంది.

ఇంకో మాట. వీధిలో సైకిలు చక్రం తిప్పుతూ కూరగాయల కత్తులకు సానపట్టే ఆయనకు దీన్ని ఇవ్వకండి. ఆ రాయి మీద ఒక్కసారి పెడితే సన్నటి అంచు కాస్తా పోతుంది.

గీసే ముందు తోలుపట్టీ మీద 30 నుంచి 50 సార్లు రాయాలి. వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. తిప్పేటప్పుడు వీపు మీదే తిప్పాలి. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాయాలి. తడి బాత్రూములో వదిలేస్తే కార్బన్ ఉక్కు ఇట్టే తుప్పు పడుతుంది.

తొలి వారం

వేడినీళ్లతో గడ్డం బాగా నానబెట్టి, బ్రష్షుతో నురగ పట్టించండి. రెండో చేత్తో చర్మాన్ని బిగించి పట్టుకుని, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో, వెంట్రుక వాలిన వైపే నడపండి. మొదట చెంపలు మాత్రమే. గడ్డం కింద, పైపెదవి మీద మామూలు రేజరే వాడండి. చెయ్యి కుదిరాక అక్కడికి రావచ్చు. మొటిమలు ఎక్కువగా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఈ సరదా జోలికి పోకపోవడమే మంచిది.

హాస్టల్ గదిలో సబ్బు ఉమ్మడి, దువ్వెన ఉమ్మడి, ఇంటర్వ్యూకి వెళ్లే చొక్కా కూడా ఉమ్మడే. కత్తి మాత్రం కాదు! హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికుంటుంది. కంటికి కనపడని నెత్తుటి మరక చాలు. దానికైనా టీకా ఉంది, హెపటైటిస్-సికీ, హెచ్‌ఐవీకీ అదీ లేదు. 'ఒక్కసారి ఇవ్వరా' అని ఎంత ప్రాణస్నేహితుడు అడిగినా ఇవ్వకండి. కడిగి ఇచ్చినా ముప్పే. సగం బ్లేడు కత్తయినా సరే, ఎవరి పిడి వాళ్లదే, ఎవరి బ్లేడు వాళ్లదే. ఇంట్లో పిల్లలుంటే బీరువాలో పెట్టి తాళం వేయండి.

వచ్చే ఆదివారం సెలూన్లో కూర్చున్నప్పుడు పేపరు కాసేపు పక్కన పెట్టి, క్షురకుడి ఎడమ చేతిని గమనించండి. కత్తి కదిలే ముందు ఆ చెయ్యి చర్మాన్ని ఎలా బిగిస్తోందో చూడండి. ఏళ్ల తరబడి కుదిరిన చెయ్యి అది. ఏ సెట్టులోనూ పెట్టి అమ్మరు!