కూర్చున్న చోటికే అన్నీ వస్తుంటే

మన హాళ్లలో సోఫా ఒక సింహాసనం. ఎదురుగా టీవీ, పక్కన టీపాయ్, దాని మీద రిమోట్, చేతికందేంత దూరంలో ఛార్జర్. మంచినీళ్లు కావాలంటే వంటింటి వైపు ఒక కేక వేస్తే చాలు. ఇలా సర్దిన ఇంట్లో మనిషి కదలడం లేదని అతని బద్ధకాన్ని తిట్టి లాభం లేదు. కదలాల్సిన పని లేకుండా ఇంటిని అమర్చుకున్నది మనమే. 2022 నాటికి మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మంది ఒంటికి కావలసినంత శ్రమ చేయడం లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా. దీనికి మనం వెతుక్కునే మందు జిమ్ము, లేదంటే పొద్దున్నే వాకింగ్. రెండూ మంచివే. కాకపోతే రెండింటికీ రోజూ కొత్తగా మనసు కూడదీసుకోవాలి. జనవరిలో కట్టిన జిమ్ము ఫీజు మార్చికల్లా ఏమవుతుందో తెలిసిందే. ఇంటి అమరికకు ఆ బాధ లేదు. ఒకసారి మారిస్తే, మనం మరిచిపోయినా అది లేపుతూనే ఉంటుంది.

నాలుగడుగులు వేస్తే ఒరిగేదేముందని అడగొచ్చు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, టికెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువని జెర్రీ మోరిస్ బృందం 1953లోనే గమనించింది. ఆ కండక్టర్లు కసరత్తులేమీ చేయలేదు, వాళ్ల పనే అలాంటిది. తేడా అంతా మెట్లదేనని మాత్రం చెప్పలేం. డ్రైవర్ల యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలే పెద్దవని తర్వాత ఆ పరిశోధకులే తేల్చారు. అయినా ఆ దిశగా ఆధారాలు పెరుగుతూనే వచ్చాయి. కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్కన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వదిలేసింది. వ్యాయామం అలవాటు లేని సుమారు 25 వేల మంది బ్రిటిష్ వాళ్ల మీద 2022లో వచ్చిన అధ్యయనంలో, రోజుకు మూడుసార్లు ఒకటి రెండు నిమిషాలు ఆయాసం వచ్చేలా కదిలినవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. గబగబా మెట్లెక్కడం అలాంటి కదలికే. ఇవి వ్యాయామాన్ని మానేయమని చెప్పే ఆధారాలు కావు; అది లేని రోజున కూడా ఒళ్లు పూర్తిగా మూలన పడకుండా చూసుకోవచ్చని చెప్పేవి.

అసలు బలమైన అభ్యంతరం వేరే ఉంది: ఇంట్లో నడక పెంచితే ఆ నడక ఎవరి కాళ్ల మీద పడుతుంది? మన దేశపు 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెడుతున్నది 88. మిక్సీ తీసేసి రోలు దింపుకోమనే సలహా ఇంతకుముందే అలిసినవాళ్ల మీద మోపే బరువు. పైగా అంత చాకిరీ చేస్తున్నా, లాన్సెట్ అంచనాలో తగిన శ్రమ లేని ఆడవాళ్లే ఎక్కువ, 57 శాతం, మగవాళ్లు 42. స్టవ్ ముందు గంటలు నిలబడితే కాళ్లు లాగుతాయే గాని గుండె వేగం పెరగదు. కాబట్టి మార్చాల్సింది వంటింటిని కాదు, సోఫా చుట్టూ నడిచే సేవను. ఛార్జర్ చివరి గదిలో గోడకు పెడితే ఫోన్ మోగినప్పుడల్లా లేవాల్సిందే. నీళ్ల కూజా సోఫా దగ్గరికి తేకుండా వంటింట్లోనే ఉంచితే దాహమైనవాళ్లే వెళ్తారు. తిన్న కంచం ఎవరిది వాళ్లే తీసి సింకులో వేయడం, ఉతికిన బట్టలు మేడ మీది దండెం దాకా మోయడం కొడుకులకూ భర్తలకూ అప్పగిస్తే ఇంటావిడకు మిగిలే సమయంలో ఆవిడ నిజంగా నడకకు వెళ్లొచ్చు.

పెద్దవాళ్ల సంగతి కొంచెం వేరు. చాప వేసుకుని కింద కూర్చుని లేవడం ఓపిక ఉన్నవాళ్లకు మంచి కసరత్తే, అరిగిన మోకాళ్లకు శిక్ష. వాళ్లకు మెత్తటి సోఫా కంటే చేతులున్న గట్టి కుర్చీ, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, జారే పట్టాలు లేని దారి ఉంటే భయం లేకుండా తిరుగుతారు. రోజూ వాడే డబ్బా అటక మీద పెట్టి స్టూలెక్కించడం వ్యాయామం కాదు, ప్రమాదం.

అద్దె ఇల్లు, రెండే గదులు అంటారా? ఛార్జర్ జరపడానికి ఓనరు అనుమతి అక్కర్లేదు. ఆ ఇరుకు ఇంటికి దక్కే అసలైన మెట్లు గుమ్మం బయటే ఉన్నాయి. మన అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ ఎదురుగా దీపాలతో మెరుస్తుంటే, మెట్లదారి వెనకాల చీకట్లో చెప్పుల స్టాండ్లు, విరిగిన కుర్చీలు, పాత సైకిళ్లతో నిండి ఉంటుంది. నిప్పంటుకుంటే బయటపడాల్సిన దారి కూడా అదే. అసోసియేషన్ వాళ్లు ఈ నెల మీటింగులో ఆ సామాను తీయించి, అంతస్తుకో బల్బు పెట్టిస్తే సరిపోతుంది.