చిన్న యింటికి పెద్ద సామాను

మా వడ్డేపల్లి ప్రాంతపు పాత మట్టి మిద్దెలలో గోడ మందములోనే గూళ్ళుండెడివి. మా ఉర్దూలో తాఖులు. దీపము, అద్దము, ఖురాన్ షరీఫ్, పద్దు పుస్తకము అన్నియు వాటిలోనే యిమిడెడివి. నేల ఖాళీ.

2024లో ప్రారంభమైన ఇందిరమ్మ యిండ్లకు కనీస వైశాల్యము 400 చదరపుటడుగులు. అంతటి యింటిలోనికి కోడలి వెంట జహేజ్ పేరిట డబుల్ కాటు, బీరువా, సోఫా, డ్రెస్సింగ్ టేబులు దిగుచున్నవి. (మొగము చూచుకొనుటకు బల్ల యెందుకో మాకు బోధపడదు.) ఆమె తండ్రి అప్పుచేసి కొన్న బీరువా, పిల్లలు చాప పరచుకొని చదువుకొను చోటును మ్రింగుచున్నది. దానిని కానుకయందురు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము అడిగి పుచ్చుకొన్న మంచము కూడ కట్నమే. పెండ్లికెదిగిన మన విద్యార్థులు అడుగకుండవలెనని మా అభిప్రాయము.

నేటి పలుచని గోడలలో తాఖులు కుదరవు, నిజమే. ఇల్లు కట్టునప్పుడే మేస్త్రీతో చెప్పి గది మూలలో నాపరాతి అరలు వేయించుకొనవచ్చును. తలుపులక్కరలేదు, అమ్మ పాత చీర తెరగా కట్టిన చాలును.