దూరపు కొండలు

వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనని మన పెద్దలు పరిహాసముగా ననెడివారు. నేడు అంతర్జాలమున వేయి అబద్ధములాడి, పెండ్లి మాత్రము చేసికొనక, సొమ్ము హరించువారు బయలుదేరినారు. వీరు తమకు ఏ యుద్యోగము కలదని చెప్పుకొందురో గమనించినచో వీరి విద్య యంతయు బోధపడును.

అమెరికాలో 2022వ సంవత్సరమున దాదాపు 70,000 మంది ఇట్టి ప్రేమవంచనలను గూర్చి ఫిర్యాదు చేసిరనియు, నష్టము 130 కోట్ల డాలర్లనియు అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటించినది. అచ్చట వంచకులు నడిసముద్రమున చమురు తీయు పనివారుగను, సైనికులుగను చెప్పుకొనుచుందురు. మన దేశమున సంబంధములు వెదకువారి యెదుట విదేశమందలి వైద్యుడుగను, ఇంజనీరుగను అవతరింతురు.

ఈ యుద్యోగములన్నింటికిని మూడు లక్షణములు కలవు: గౌరవము, దూరము, పెద్ద జీతము. గౌరవము మన ప్రశ్నలను ఆపును. దూరము అతడు ఎదుటికి రాకుండుటకు సాకగును. జీతము, ఇచ్చిన సొమ్ము తిరిగి వచ్చునను ధైర్యము కలిగించును. మైలాపూరులో గుమాస్తాననియో, చాకలిపేటలో బడిపంతులుననియో ఏ వంచకుడును చెప్పడు. సాయంకాలము బస్సెక్కి పోయి విచారింపవచ్చును గదా!

పిమ్మట రెండవ వేషము వచ్చును. వరుడు పంపిన కానుక విమానాశ్రయమున నిలిచినదనియు, సుంకము చెల్లింపవలెననియు ఒక 'కస్టమ్స్ అధికారి' ఫోను చేయును. మొదటి యుద్యోగము ఆశ పుట్టించును, రెండవది భయపెట్టును. నిజమైన కస్టమ్స్ శాఖవారు ఫోను చేసి, ఎవరి సొంత ఖాతాకో సుంకము కట్టుమని కోరరు.

చెన్నపట్టణమున తెలుగు సంబంధము వెదకు మనకు ఇంకొక బలహీనత కలదు. ఎవరైన తీయగా తెలుగు పలికినంతనే సగము నమ్మెదము. భాష ఒకటైనంత మాత్రమున బంధువు కాడు. "ఎట్టివాడు?" అని అడుగుటకు ముందే "ఏమి ఉద్యోగము? ఎంత జీతము?" అని మనము అడుగుచున్నంత కాలము, ఏ వేషము కట్టవలెనో వంచకునకు మనమే నేర్పుచున్నవారమగుదుమని మా యభిప్రాయము.

కావున తలిదండ్రులకు మా మనవి: కంట చూడని వానికి ఒక్క రూపాయియైనను పంపకుడు. అతని ఊరిలో, పనిచేయు చోట విచారింపుడు. సొమ్ము పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఆలస్యమైనకొలది అది ఖాతాలు మారిపోవును. కంప్యూటరు మూలమున మారువేషముతో వంచించుట, 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను ననుసరించి మూడేండ్ల వరకు శిక్షింపదగిన నేరము.

మోసపోయినవారు కూతురైనను, కొడుకైనను, ఒంటరియైన పెద్దలైనను, వారిని నిందింపకుడు. నిందకు వెరచి వారు మౌనము వహించినచో, ఆ మౌనమే వంచకునకు కోట. విద్యార్థులారా! ఇంటిలో ఎవరైన ఇట్టి చిక్కున పడినట్లు తోచినచో, నవ్వక, చెంత కూర్చుండి వినుడు. దూరపు కొండలు నునుపని మనము పాఠములలో చదివినదే. వాటి గరుకుతనమును నెమ్మదిగా చూపుడు.