అబ్బాయికి మంచిది... అమ్మకు కాదు!

ఇంటికి మరమ్మతులు జరుగుతుంటే లోపలికి వెళ్లి చూడక్కర్లేదు. పని ఎంత జోరుగా సాగుతోందో వాకిట్లో పోసిన ఇటుక ముక్కల కుప్పే చెప్పేస్తుంది. మన ఎముకల సంగతీ అంతే. కాకపోతే అక్కడి చెత్త మూత్రంలోకి వస్తుంది.

ఎముకంటే రాయిలా కదలకుండా ఉండిపోతుందనుకుంటాం. నిజానికి అది రోజూ కొంత కూలుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. పాత ఎముకను తవ్వేసేవి ఆస్టియోక్లాస్ట్ కణాలు. ఆ గుంటల్ని పూడ్చేవి ఆస్టియోబ్లాస్ట్‌లు. పెద్దవాళ్లలో ఏటా దాదాపు పదోవంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. తవ్వకంలో ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ తునకలవుతుంది. ఆ తునకలు రక్తంలో కలిసి, మూత్రంతో బయటికొస్తాయి. ఎన్‌టీఎక్స్, డీపీడీ అనే పరీక్షలు కొలిచేది వీటినే.

వయసును బట్టి అంకె

ఈ తునకలు పసిపిల్లల్లో చాలా ఎక్కువ. తర్వాత తగ్గి, యుక్తవయసులో మళ్లీ ఎగబాకుతాయి. ఆడపిల్లల్లో ఇది మగపిల్లలకన్నా ముందే వస్తుంది. ఎదుగుదల ఆగాక దిగుతూ వచ్చి, ముప్ఫై, నలభైలలో బాగా తక్కువగా ఉంటాయి. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక ఒక్కసారిగా పెరుగుతాయి. కొందరిలో రెట్టింపూ అవుతాయి. మగవాళ్లలో ఇలాంటి హఠాత్తు మార్పు ఉండదు. పెరిగినా బాగా వయసు మళ్లాక, నెమ్మదిగానే.

పదమూడేళ్ల అబ్బాయికీ, యాభై రెండేళ్ల వాళ్లమ్మకూ అంకె ఎక్కువగానే వచ్చిందనుకుందాం. అబ్బాయికైతే కంగారు లేదు. అక్కడ కూల్చేదానికన్నా కట్టేది ఎక్కువ. అమ్మ విషయం వేరు. ఆస్టియోక్లాస్ట్‌లకు కళ్లెం వేసే ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గిపోయింది. తవ్వకం పెరిగింది, పూడిక దానికి తగ్గట్టు లేదు. అందుకే కుప్పను మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు. ఇల్లు ఎవరిదో కూడా చూడాలి.

తికమక పెట్టేవి

మూత్రం చిక్కగా ఉందా, పలుచగా ఉందా అన్నదాన్ని బట్టి అంకె మారకుండా, దాన్ని క్రియాటినిన్‌తో భాగించి చెబుతారు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ కరిగిన అమ్మమ్మలో అది తక్కువ కాబట్టి, ఎముక అరుగుదల ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించొచ్చు. ఈ తునకలు రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటాయి. అందుకే ప్రతిసారీ పొద్దున ఒకే వేళకు, వీలైతే ఒకే ల్యాబ్‌లో ఇవ్వాలి. ఇటీవల ఎముక విరిగి ఉంటే డాక్టరుకు చెప్పాలి. అతుక్కునే నెలల్లోనూ అంకె పెరుగుతుంది.

ఎముకలు గుల్లబారాయో లేదో ఈ పరీక్ష తేల్చదు. దానికి డెక్సా స్కాన్ ఉంది. మందులు పనిచేస్తున్నాయో లేదో స్కాన్‌లో తెలియడానికి ఏడాది, రెండేళ్లు పడితే, ఈ అంకె మూడు నుంచి ఆరు నెలల్లోనే చెబుతుంది. ఇదే పనికి ఇప్పుడు పరగడుపున చేసే సీటీఎక్స్ రక్తపరీక్షను ఎక్కువగా వాడుతున్నారు.

నెలసరి ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి 2020లో చేసిన సిఫార్సు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఎండ, నడక... ఇవన్నీ మేలు చేసేవే. నెలసరి త్వరగా ఆగినా, గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేసినా, స్టెరాయిడ్లు చాలాకాలంగా వాడుతున్నా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా డాక్టరును కలవాల్సిందే.

అబ్బాయి ప్యాంటు పొట్టిదైతే ఎముక పెరుగుతోందని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అమ్మ ఎముక అరిగిపోతున్న సంగతి మాత్రం, స్నానాలగదిలో కాలు జారేదాకా ఎవరికీ తెలియదు. ఆ రోజు రాకముందే అడిగి తెలుసుకోవడం మన చేతుల్లో ఉంది.